అచ్చు తప్పా, ఆకురాయి పనా?

ఇంట్లోని చిల్లర డబ్బాను బోర్లించి ఒక్కొక్క నాణెమును తిప్పి చూసే అలవాటు మీలో ఎంతమందికున్నది? ఒక సాయంకాలం మా పిల్లలు అలా చూస్తుండగా, ఎలుక కొరికినట్టు అంచున చిన్న వంపు ఉన్న ఒక రూపాయి బయటపడింది. ఇలాంటివి లక్షలు పలుకుతాయని ఎవరో వారికి చెప్పారట. ఫోటో పంపగానే ఒక మనిషి ఫోను చేసి, తాను కొంటానన్నాడు. అయితే ముందుగా రిజిస్ట్రేషను ఖర్చుల క్రింద రెండు వేలు పంపమన్నాడు. మేమూ పంపడానికి సిద్ధపడ్డాము. అదే సమయానికి మా వీధిలోని కంసాలి తాతగారు ఆ నాణెమును భూతద్దం క్రింద పెట్టి, "బాబూ, ఇవి ఆకురాయి గీతలు" అన్నారు. ఆ రోజు మేము నేర్చుకొన్న సంగతులను మీతో పంచుకొంటున్నాము.

నాణెము ఎలా పుడుతుంది?

మొదట లోహపు రేకు నుండి గుండ్రని బిళ్ళలను కత్తిరిస్తారు. వాటి అంచును కొద్దిగా లేపి, క్రిందొకటి పైనొకటి ఉన్న రెండు అచ్చుల మధ్య ఉంచి బలంగా నొక్కుతారు. చుట్టూ ఉన్న ఉక్కు వలయము బిళ్ళను ప్రక్కలకు పోనివ్వదు. అచ్చులో పల్లంగా ఉన్నది నాణెము మీద ఉబ్బుగా వస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే సగం చిక్కు విడిపోతుంది. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహము పారి, నాణెము మీద ఉబ్బెత్తు గీత ఏర్పడుతుంది. అది టంకశాల తప్పు. గీత గాడిగా లోపలికి దిగి ఉంటే, అది సాధారణంగా తరువాత ఎవరో గీసినది.

కొన్ని గుర్తులు

అంచు తెగిన నాణెము: రేకులో అప్పటికే రంధ్రము పడిన చోటికి కత్తెర మళ్లీ వస్తే బిళ్ళ నెలవంకలా తెగిపోతుంది. అటువంటి బిళ్ళను ముద్రించినప్పుడు, తెగిన చోటికి సరిగ్గా ఎదుటి వైపు అంచు కూడా తరచుగా బలహీనంగా కనిపిస్తుంది. తెగిన చోటి అక్షరాలు సాగినట్టు పలుచబడతాయి. మా రూపాయిలో ఎదుటి అంచు నిండుగా ఉన్నది, అక్షరాలు కత్తితో కోసినట్టు ఆగిపోయాయి.

ప్రక్కకు జరిగిన ముద్ర: బిళ్ళ సరిగా కూర్చోకపోతే బొమ్మలో కొంత భాగము పడదు, ఒక వైపు ఖాళీ మిగులుతుంది. పడిన భాగము మాత్రము స్ఫుటంగా ఉంటుంది. సుత్తితో కొట్టినదైనా, రైలు పట్టా మీద పెట్టినదైనా వెడల్పు అవుతుంది గాని, దాని అక్షరాలు కూడా చదునై సాగిపోతాయి. (పిల్లలను ఆ పట్టాల దరికి పోనివ్వకండి!)

తిరగబడిన బొమ్మ: ముందటి నాణెము అచ్చుకు అంటుకొనిపోతే, తరువాతి బిళ్ళ మీద అదే బొమ్మ అద్దంలో వలె తిరగబడి పల్లంగా పడుతుంది. దీనికి నకలు చేసేవారు రెండు నాణెములను వైస్‌లో పెట్టి బిగిస్తారు. అప్పుడు పాత బొమ్మ జాడలు క్రింద మిగిలిపోతాయి, వెనుక వైపు కూడా నలిగిపోతుంది.

పది రూపాయల నాణెము: పసుపు అంచును, తెల్లని నడిమి బిళ్ళను కలిపి ఒకే దెబ్బతో ముద్రిస్తారు. నడిమి బిళ్ళ ప్రక్కకు జరిగినా, బొమ్మ రెండింటి మీదా తెగకుండా సాగితే అది టంకశాలలోనే జరిగినది. బొమ్మ అతుకు దగ్గర కలవకపోతే, ఎవరో ఊడదీసి మళ్లీ బిగించారని అనుమానించాలి.

తూకము కూడా సహాయపడుతుంది. 1992 నుండి 2004 వరకు వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు. ఆమ్లంలో నానబెట్టినది బరువు తగ్గి, అక్షరాలన్నీ ఒకే తీరుగా సన్నబడుతుంది.

గుర్తు లేకపోవడం తప్పు కాదు

సంవత్సరము క్రింద చిన్న నక్షత్రము ఉంటే అది మన హైదరాబాదులో ముద్రించినది. వజ్రాకారము ముంబయిది, చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. దానిని "గుర్తు మరచిన అరుదైన నాణెము" అని అమ్మజూపితే నమ్మవద్దు. హైదరాబాదు టంకశాల 1903 నుండి సైఫాబాదులో నడిచి, 1997లో చర్లపల్లికి మారింది.

చివరిగా ఒక మాట

పాత నాణెముల కొనుగోలు పేరిట రిజర్వు బ్యాంకు పేరు వాడుకొని రుసుములు అడిగేవారి విషయమై ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. తాను అటువంటి వ్యవహారాలు చేయనని, కమీషను అడగనని స్పష్టం చేసింది. అమ్మేవారి దగ్గర డబ్బు ముందుగా అడిగేవాడు కొనేవాడు కాడు. అలాగే సరదాకైనా నాణెములను కోయడం, కరిగించడం చేయకండి. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారం నాణెమును కరిగించినా, నాశనము చేసినా ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

మా రెండు వేలు మా దగ్గరే ఉన్నాయి. ఆ రూపాయి పిల్లల పెన్సిలు డబ్బాలో ఉన్నది. ఇప్పుడు ఎవరైనా వింత నాణెము తెస్తే, వారే ముందుగా భూతద్దం కోసం వెదుకుతున్నారు.