మిరప చేనుకు వెళ్లిన తల్లి బిడ్డను ఎవరు చూడాలి?



మిరప కోతల కాలంలో డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే కూలీల ఆటోలు బయలుదేరుతాయి. వాటిలో మన సంఘాల స్త్రీలు ఎందరో ఉంటారు. చంటిబిడ్డ ఉన్న తల్లికి రెండే దారులు: బిడ్డను చేను గట్టున చీర ఉయ్యాలలో పడుకోబెట్టడం, లేదా బడికి పోవలసిన పెద్దపిల్లను ఇంట్లో ఆపడం. తల్లికి ఆ రోజు కూలి దక్కుతుంది, పెద్దపిల్లకు ఆ రోజు చదువు పోతుంది.

ఈ భారంలో ప్రభుత్వానికీ వాటా ఉంది. 2006లో మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులిచ్చి శిశు సంరక్షణ కేంద్రాలు నడిపించింది. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం దానిని మార్చి, మిషన్ శక్తి కింద ‘పాల్నా’ అని పేరు పెట్టింది. హిందీలో ఆ మాటకు ఊయల అని అర్థం.

మారినవి ముఖ్యంగా మూడు. ఒకటి, క్రెష్‌ను అంగన్‌వాడీతో కలిపి నడుపుతారు. బిడ్డలను చూసుకోవడానికి అదనంగా ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉంటారు. రెండు, ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40 శాతం. మూడు, తల్లి ఉద్యోగిని అయినా కాకపోయినా బిడ్డను చేర్చవచ్చు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు సంరక్షణ, పోషకాహారం, నిద్రకు చోటు ఇవ్వాలి. దేశమంతటా 17,000 కేంద్రాలు లక్ష్యం.

అంటే ఈ సహాయం డబ్బుగా తల్లి చేతికి రాదు, కేంద్రం రూపంలో వస్తుంది. ఊళ్లో కేంద్రం లేకపోతే సహాయమూ లేనట్టే.

అంగన్‌వాడీ ఉందిగా అనవచ్చు. అక్కడి ఆటపాటల బడి మూడేళ్లు దాటిన పిల్లలకే. అంతకంటే చిన్నవారికి బాలామృతం ప్యాకెట్ ఇంటికి ఇస్తారు. ప్యాకెట్ వస్తుంది గాని, దానిని కలిపి తినిపించే తల్లి చేనులో ఉంటుంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలని చెప్పింది. రోజుకో చేనుకు వెళ్లే కూలీకి అది అందదు.

నిర్గమకాండము రెండవ అధ్యాయం గుర్తు చేసుకుందాం. తమ్ముడిని పెట్టిన పెట్టె ఏమవుతుందోనని ఏటి ఒడ్డున కాపు కాసింది ఒక చిన్నపిల్ల. ఆ బిడ్డను పెంచడానికి జీతం ఇచ్చింది రాజు కుమార్తె. బిడ్డను సాకడం జీతం ఇవ్వదగిన పని అని ఐగుప్తు రాజగృహమే ఒప్పుకుంది. మన ఊళ్లలో అక్కలు మాత్రం ఇంకా కాపు కాస్తూనే ఉన్నారు.

1912లో అజరయ్య గారు బిషప్పు అయిన నాటి నుంచి డోర్నకల్ అధ్యక్ష మండలం పల్లెల్లో బడులు నడిపింది. ఒక పిల్ల బడి మానితే మనకు పట్టకుండా ఎలా ఉంటుంది?

ఈ ఆదివారం ఆరాధన తర్వాత స్త్రీల మైత్రి సభ్యులు కూర్చుని, మీ ఊళ్లో మూడేళ్లలోపు పిల్లలు ఎందరో, వారి తల్లులు ఏ వేళకు పనికి వెళ్తారో రాయండి. ఆ జాబితాతో అన్ని మతాల తల్లులనూ కలుపుకొని అంగన్‌వాడీ టీచరును, సీడీపీవోను కలవండి, గ్రామసభలో అడగండి. చోటు లేదంటే, వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే మన సంఘ హాలు చూపించండి.

చిన్నపిల్లలను ఆటంకపరచిన శిష్యులను ప్రభువు మందలించాడు. ఆ తాళం కూడా ఒక ఆటంకమే.