పాడుబడ్డ గడీ ఊరి చావడి కాగలదా?

పాత కట్టడాలు బాగుపడితే ఊరి నడిబొడ్డు బాగుపడుతుంది; కాని ముందు జనాన్ని అడగాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: మన వైపు పాత ఊళ్లలో చాలాచోట్ల నడిమధ్యన ఒక ఎత్తయిన గోడ కనిపిస్తుంది. సర్కారు తుమ్మ మొలిచిన ప్రహరీ, సగం కూలిన బురుజు, తలుపులు ఊడిపోయిన దర్వాజా. అదే గడీ. ఒకనాడు ఆ దర్వాజా ముందు చెప్పులు వేసుకుని నడవడానికి జనం జంకేవారు. ఈనాడు చెత్త పారబోయడానికి తప్ప అటు పోయేవారు లేరు. హోటళ్లు, దుకాణాలు ఒక్కొక్కటిగా పెద్ద రోడ్డు పక్కకు జరిగిపోతుంటే ఊరి నడిబొడ్డు బోసిపోతున్నది. ఈ జాగాను ఏం చేయాలి? ఇది ఊరంతా కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.

గాయం గుర్తున్న గోడలు

దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జూలై 4న గడీ మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి అది నిప్పురవ్వ అయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ గడీకి పోనివ్వకుండా నిలబెట్టుకున్నది. 1948లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు తర్వాత దొరలు చాలామంది పట్నం చేరారు. కొన్ని గడీల్లో బడులు, హాస్టళ్లు, ఠాణాలు నడిచాయి. వాడుక లేనివి వానకు తడిసి కూలాయి.

అందుకే గడీ బాగుచేయాలంటే "మన తాతలను కొట్టించిన కొంపకు మన పైసలెందుకు?" అనే మాట రావచ్చు. ఆ మాటను తీసిపారేయరాదు. అయితే దానికి జవాబు కూడా ఆ గోడల్లోనే ఉన్నది. ఆ రాయి మోసింది, సున్నం నూరింది, దూలం ఎత్తింది ఎవరు? వెట్టి చేసిన మన తాతలే. దొరతనం పోయింది, చెమట మాత్రం గోడలోనే ఉన్నది. అక్కడ పిల్లలు చదువుకుంటే, ఆడవాళ్ల సంఘాలు కూర్చుంటే, గోడ మీద వెట్టి కథ రాసిపెడితే అది దొరకు గుడి కాదు, ఊరి చావడి అవుతుంది.

వాడుకలో ఉంటేనే నిలుస్తుంది

హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని చూడండి. నిజాం దర్బారులో ఇంగ్లీషు దొరల ప్రతినిధి కోసం 19వ శతాబ్దం మొదట్లో కట్టింది. 1949 నుంచి అది ఆడపిల్లల కాలేజీ. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. దానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొరల మేడకు పాలకుర్తి ఐలమ్మ పేరు! పాత కట్టడానికి ఇంతకన్నా మంచి మలుపు ఏముంటుంది?

1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ సంగతి మరొకటి. పగుళ్లు, బోర్డులు, తీగలతో రూపు చెడిన ఆ బజారును బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. పాత దుకాణదారులను వెళ్లగొట్టకుండా చేయడమే అక్కడ మేలైన పని. సికిందరాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిన మెట్లబావిని పూడిక తీసి 2022లో తెరిచారు.

అంత దూరం ఎందుకు? మన డోర్నకల్ చర్చి ఉన్నది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అజరయ్య హయాంలో కట్టి, 1939లో ప్రతిష్ఠ చేశారు. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసిన కట్టడం. ప్రార్థనకు జనం వస్తున్నారు కనుకనే అది నిలిచి ఉన్నది.

మూడు పట్నాలు, మూడు దారులు

2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. తర్వాత కొత్త కలెక్టరేట్లు లేచాయి. ఆఫీసులు కదిలితే చాయ్ కొట్టు నుంచి జిరాక్సు దుకాణం దాకా బేరం కదులుతుంది.

జనగామకు పక్కనే పెంబర్తి. అక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. పట్నం నడుమ ఒక పాత గోదామును బాగుచేసి ఆ పనివారికి ఇస్తే, బజారుకు కళ, వారికి బేరం. మానుకోటలో రైలు దిగే జనమే బలం. స్టేషను బజారులోని పాత ఇళ్లు లైబ్రరీకో, రైతులు ఆగే చోటుకో పనికివస్తాయి. భూపాలపల్లి బొగ్గు బావులతో పెరిగిన పట్నం. అక్కడి పాత సంపద గణపురం కోటగుళ్ల వంటి కాకతీయుల కట్టడాల్లో ఉన్నది. ఆ గుళ్లను మార్చరాదు. చూడవచ్చేవారికి ఊళ్లో నీడ, నీళ్లు, భోజనం దొరికే ఏర్పాటు చేస్తే చాలు.

అడగవలసింది ఎవరిని?

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ పెట్టాలి. 2019 మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులకు నాలుగు కమిటీలు ఉండాలి. 2014 చట్టం వీధి వ్యాపారులకు పట్టణ కమిటీలో 40 శాతం చోటు ఇచ్చింది. చట్టాలు ఉన్నాయి, వాటిని కదిలించవలసింది మనమే. కట్టడం ఎవరి పేరున ఉన్నది, వారసులు ఏమంటారు, కిరాయి ఎంత, ముందున్న కూరగాయల గంపలు ఎక్కడికి పోవాలి అన్న నాలుగు ప్రశ్నలకు సభలో జవాబు రాకముందే తాపీ పట్టరాదు. గంప తీయించి పూలకుండీ పెడితే అది బాగుచేయడం కాదు.

సిమెంటుతో చేటు

మరొక హెచ్చరిక. పాత గోడలు గానుగలో నూరిన డంగు సున్నంతో కట్టినవి. ఆ గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గోడ ఉబ్బి రాలుతుంది. ముందు కప్పు మీది మొక్కలు పీకాలి, వాన నీరు పోయే దారి చూడాలి, ఆ తర్వాత సున్నపు పని తెలిసిన మేస్త్రీని పిలవాలి.

గోడ కూలడానికి ఒక్క ముసురు చాలు. కూలిన తర్వాత సభ పెట్టి లాభం లేదు. ఊళ్లో పెద్దలు బతికి ఉండగానే ఆ గోడల కథ అడిగి రాసుకోండి. వచ్చే గ్రామసభలో, వార్డు కమిటీలో మొదటి మాట మీరే ఎత్తండి.