నక్క వెనక గుర్రమెక్కి వెళ్లాలా, వద్దా?

"సండే పొద్దున్నే జాకల్ రన్. గుర్రాలు రెడీ, కుక్కలు కూడా ఉన్నాయి. వస్తున్నావా?"

డిసెంబర్ చివర్లో వాట్సాప్‌లో వచ్చిన ఈ మెసేజ్‌కి వెంటనే 'యస్' కొట్టబోయి ఆగా.

ఎనిమిది నెలలుగా విజయవాడ శివార్లలో రైడింగ్ నేర్చుకుంటున్నా. ట్రాట్ వచ్చింది, క్యాంటర్ వచ్చింది. కానీ అదంతా కంచె లోపల, గుండ్రంగా తిరగడమే. ఒక్కసారైనా బయట గ్యాలప్ చెయ్యాలన్నది నా పిచ్చి. దివిసీమలో వరికోతలయ్యాయి, పొలాలన్నీ ఖాళీ అంది నా ఫ్రెండ్. నక్క కనిపిస్తే కుక్కల్ని వదిలి, వెనకాల మనం. "చంపం, జస్ట్ తరుముతాం. భయమైతే చెప్పు!" అని కూడా అంది. అదే గుచ్చుకుంది.

సరే, అసలీ ఆట ఏంటో చదివా. పుట్టిల్లు ఇంగ్లండ్. మన దేశానికి తెచ్చింది తెల్లదొరలు. అప్పట్లో మన కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని ఊటీ. అక్కడి పచ్చిక కొండల మీద ఎర్రకోట్లు వేసుకుని, ఫాక్స్‌హౌండ్ కుక్కలతో 'ఊటీ హంట్' నడిపారు. ఇంగ్లండ్‌లో ఉండే ఎర్రనక్క ఇక్కడ దొరకదు కాబట్టి మన నక్కనే తరిమారు.

ఇప్పుడు ఆ ఇంగ్లండ్‌లోనే కుక్కలతో నక్కని వేటాడటం నిషేధం. 2004లో చట్టం చేశారు, 2005 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. మన చట్టం ఇంకా పాతది, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో 'వేట' అంటే చంపడం ఒక్కటే కాదు. కుక్కలతో తరమడం, ఉచ్చు వెయ్యడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. నక్క ఆ చట్టం రక్షణలో ఉంది. అంటే "జస్ట్ తరుముతాం" అన్నది కూడా నేరమే.

అయినా మనసు ఊరుకోలేదు. నక్క లేకుండా ఖాళీ పొలాల్లో గుర్రాలు పరిగెత్తిస్తే తప్పేముంది? అవనిగడ్డ దగ్గర వ్యవసాయం చేసే మావయ్యకి ఫోన్ చేశా.

"ఖాళీ అని ఎవరు చెప్పారే నీకు?" అన్నాడు. "కోతకి రెండు మూడు రోజుల ముందే వరిలో మినుములు చల్లేస్తాం. ఆ తడికే మొలకెత్తుతాయి. పైకి నీకు వరి మోళ్లే కనిపిస్తాయి, కింద నా రెండో పంట ఉంటుంది. గుర్రం డెక్క పడితే ఇంకేం మిగుల్తుంది?"

నాకు నోట మాట రాలేదు.

"మరి నక్కలో?"

"కోళ్లని ఎత్తుకుపోతాయి, తిట్టుకుంటాం. కానీ చేలో ఎలుకల్ని తినేదీ అవే కదమ్మా."

ఆ రాత్రి గ్రూపులో రాశా: "నేను రాను. మీరూ వెళ్లొద్దు." చట్టం సంగతి, మినుముల సంగతి రెండూ చెప్పా. దాంతోపాటు ఇంకో దారి కూడా. వాసన పట్టించిన గుడ్డని ముందే ఈడ్చుకుంటూ వెళ్తారు, కుక్కలు ఆ జాడనే పట్టుకుంటాయి, గుర్రాలు వాటి వెనక. దీన్ని డ్రాగ్ హంట్ అంటారు. ఎదురుగా జంతువు ఉండదు. పొలం యజమానిని అడిగి, కోతలన్నీ అయ్యాక పెట్టుకుందాం అన్నా.

నా ఫ్రెండ్ వారం రోజులు మాట్లాడలేదు. మిగతావాళ్లలో ఇద్దరు మాత్రం "పర్మిషన్ ఎవరిస్తారు?" అని అడిగారు. ఆ సండే రన్ జరగలేదు.

మళ్లీ మావయ్యకే ఫోన్ చేశా. కాసేపు నవ్వి, "మినుము పీకేశాక మార్చిలో రండి. నా చేనే కాదు, పక్కవాళ్లని కూడా అడిగి పెడతా. ఒక్కటే కండిషన్... కాలవ గట్లు తొక్కకండి" అన్నాడు.

మార్చికి ఇంకా టైముంది. ఈలోపు నా గ్యాలప్ సరిచేసుకోవాలి.