సియోల్ ఏటిగట్టున సాయంకాలపు నడక

దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున చోంగ్యెచోన్ అనే చిన్న ఏరుంది. 1958 నుంచి దాన్ని కాంక్రీటుతో కప్పేసి రోడ్డు వేశారు. ఆ పైన మరో ఎత్తయిన రహదారి కట్టారు. 2003లో ఆ రహదారిని పడగొట్టడం మొదలుపెట్టి, 2005 అక్టోబరుకల్లా దాదాపు ఆరు కిలోమీటర్ల పొడవున నీళ్లు పారించారు. ఆ నీళ్లలో అధికభాగం హాన్ నది నుంచి పంపులతో తోడి వదిలేవే! అయితేనేం, వేసవి సాయంత్రం పక్క వీధికంటె గట్టున చల్లగా ఉంటుంది. వాహనాలు పైన, నడిచేవాళ్లు కింద నీటి అంచున.

పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్లే పెద్దలు "డాక్టరుగారూ, అక్కడ నడవవచ్చునా?" అని అడుగుతుంటారు. నిక్షేపంగా నడవండి. రాత్రి భోజనమయ్యాక పావుగంట నడిచినా కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకొంటాయి. అక్కడి గడియారం మనకంటె మూడున్నర గంటలు ముందు కనుక మొదటి రెండు మూడు రాత్రులు నిద్ర ఆలస్యమైతే కంగారుపడి నిద్రమాత్రలు మింగకండి.

ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోరాదు. విమానంలో గంటల తరబడి కదలకుండా కూర్చున్నవారికి పిక్కలోని లోతైన సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. రెండు పాదాలూ కొంచెం ఉబ్బితే అది సాధారణంగా కూర్చున్నందువల్ల వచ్చిన వాపే. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే "నాలుగడుగులు వేస్తే అదే పోతుంది" అనుకోకండి. మర్దన అసలే వద్దు. వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే సియోల్‌లో 119కి ఫోను చేయించండి. ప్రయాణమైన కొన్ని వారాలకు కూడా ఇది బయటపడవచ్చు. ఇల్లు చేరాక కాలు వాచినా విమాన ప్రయాణం సంగతి డాక్టరుకు చెప్పండి. మనవాళ్లు అదొక్కటి తప్ప అన్నీ చెబుతారు!

ఇక చక్కెర వ్యాధి ఉన్నవారు అల్లుడుగారు కొనిపెట్టిన కొత్త బూట్లతో మొదటిరోజే ఆరు కిలోమీటర్లు నడవరాదు. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బలెక్కినా తెలియదు. గదికి రాగానే అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. వేసవిలో అక్కడివాళ్లు గట్టున కూర్చుని ఏట్లో కాళ్లు పెడతారు. పుండ్లున్నవారికి ఆ సరదా తగదు. ఇన్సులిన్ వాడేవారు జేబులో గ్లూకోజు బిళ్లలుంచుకోవాలి. ఏరు దాటడానికి నీళ్లలో పరిచిన రాళ్లు కుర్రకారుకు వదిలేయండి. మోకాళ్ల నొప్పులవారికి ఇరవైకి పైగా వంతెనలున్నాయి.