కల్లం ఊడిస్తే కాటా చీటీ చెరుగుతుందా?

గుంటూరు అరండల్‌పేటలో ఒక నెట్ సెంటరు. కిందటి డిసెంబరులో ఏదో ప్రింటు కోసం వెళ్ళి నిలబడ్డాను. నా ముందు పర్చూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన. కండువా అంచుకి పత్తి పీచు అంటుకుని ఉంది. బ్యాంకులో పంట రుణం తిరగరాయించుకోవాలట. మీభూమిలో వన్‌బీ, అడంగల్ తీయించాడు, ఆధార్ కూడా తీయించాడు. డబ్బులిస్తూ, "అబ్బాయ్, నా కాయితాలు ఇందులో ఉండిపోవు గదా?" అన్నాడు. కుర్రాడు తెర మీది నల్ల కిటికీని చూపించి, "ఉండవు బాబాయ్, ఇన్‌కాగ్నిటోలో తీశా. మూసేస్తే మొత్తం పోద్ది" అన్నాడు. అని మూసేశాడు. పెద్దాయన నిశ్చింతగా బస్టాండుకి బయల్దేరాడు.

అపోహ: ప్రైవేట్ విండో మూస్తే అన్నీ పోతాయి.

నా పని మొదలుపెట్టబోతున్న కుర్రాణ్ణి ఒకసారి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరవమన్నాను. తెరిచాడు. తెర నిండా పీడీఎఫ్‌లు. పైన ఇప్పుడే దిగిన మూడు. వాటి కింద నిన్నటివి, మొన్నటివి. కిందికి లాగుతుంటే అడుగు కనపడదు. వన్‌బీలు, పాన్ కార్డు కాపీలు, ఒకరి ఇంటర్ హాల్ టికెట్టు, ఇంకొకరి పెళ్ళి బయోడేటా. నాకంటే కుర్రాడే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. అతను అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగానే పోతాయనుకున్నాడు.

పోయేవి వేరు. ఏయే సైట్లు చూశామన్న హిస్టరీ, ఆ సైట్లు మన కంప్యూటర్లో దాచిపెట్టే కుకీలు, ఫారాల్లో నింపిన వివరాలు, ఇవీ కిటికీతో పాటు పోయేవి. మనం దింపుకున్న ఫైలు పోదు, పెట్టుకున్న బుక్‌మార్కు పోదు. ఈ-ఆధార్‌కి తాళం ఉంటుంది గదా అంటారు. ఉంటుంది. ఆ తాళంచెవి ఏమిటంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అదే ఫోల్డర్లో పక్కనే పడి ఉన్న పాన్ కార్డు కాపీ మీద ఆ రెండూ అచ్చయి ఉంటాయి.

పోనీ, డిలీట్ కొడితే? రీసైకిల్ బిన్‌లో కూర్చుంటుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టాలి, లేదా బిన్ కూడా ఖాళీ చేయాలి. ఇంకో సంగతి. ప్రైవేట్ కిటికీలు రెండు మూడు తెరిచి ఉంటే అవన్నీ ఒకే ఇంట్లో గదుల్లాంటివి. ఒకటి మూసి లేచిపోతే, మిగిలిన దాంట్లో మీ లాగిన్ బతికే ఉంటుంది. ఇప్పుడు చాలామంది కాయితాలను నెట్ సెంటర్ నంబరుకి వాట్సాప్‌లో పంపేసి ప్రింటు తీయమంటున్నారు. ఆ కాపీ కొట్టువాళ్ళ ఫోన్లో ఉంటుంది. దానికీ ఈ నల్ల కిటికీకీ అసలు సంబంధమే లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది కల్లం ఊడ్చడం. మిరపకాయలు ఎండి, టిక్కీలకెత్తి, యార్డుకి తోలాక కల్లం శుభ్రంగా ఊడ్చేస్తాం. తాలుకాయ ఒక్కటి మిగలదు. దారిన పోయేవాడికి ఇక్కడ ఏ పంట ఆరబోశారో తెలీదు. కానీ యార్డు గేటు దగ్గర ఎంట్రీ ఉంటుంది. కాటా చీటీ ఉంటుంది. కమిషన్ కొట్టులో పద్దు ఉంటుంది. ధర లేదని ఏసీలో పెడితే కోల్డ్ స్టోరేజీ బాండు ఉంటుంది. చీపురు మన కల్లం వరకే.

ఆ చీపురు పనికిరానిదని మాత్రం నేననను. ఇంట్లో ఒక్క కంప్యూటరు, నలుగురు మనుషులు. ఒంట్లో ఏదో నలత, ఎవరినీ అడగలేక ఇంటర్నెట్‌లో వెతుక్కునే కోడలికి, బాకీల గురించి ఇంట్లోవాళ్ళకి తెలియకుండా చూసుకునే కౌలు రైతుకి అది నిజమైన మేలు చేస్తుంది. తర్వాత అదే కుర్చీలో కూర్చునేవాడి నుంచి దాచడానికే దాన్ని కనిపెట్టారు. 2005లో ఆపిల్ వాళ్ళ సఫారీలో ముందు వచ్చింది. 2008లో గూగుల్ క్రోమ్ దానికి టోపీ, కళ్ళద్దాల బొమ్మ తగిలించింది. నన్నడిగితే తిప్పలన్నీ ఆ బొమ్మతోనే మొదలయ్యాయి. గూఢచారి వేషం చూస్తే ఎవరికైనా తాము మాయమైపోయామనే అనిపిస్తుంది.

అపోహ: నేనేం చూస్తున్నానో దారిలో ఎవరికీ తెలియదు.

దారి అంటే ఏమిటి? ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ. అది ఏపీ ఫైబర్‌నెట్ కావచ్చు, సెల్ కంపెనీ కావచ్చు. మీ కంప్యూటర్ ఏ సైటుకి వెళ్ళాలో అడిగేది ఆ దారినే. ఇవాళ దాదాపు అన్ని సైట్లకీ https తాళం ఉంది కాబట్టి లోపల ఏ పేజీ చదివారో, ఏం టైపు చేశారో కంపెనీకి కనపడదు. ఏ సైటు గడప తొక్కారో మాత్రం సాధారణంగా తెలుస్తుంది. కిటికీ నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా తేడా లేదు. కనెక్షన్ల వివరాలను రెండేళ్ళు దాచాలని టెలికం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలు మార్చింది కూడా. గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో వైఫై వాడే పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. కాలేజీ సర్వర్ గదిలో కూర్చున్నాయనకి మీ టోపీ బొమ్మ అడ్డం రాదు.

నెట్ సెంటర్ల సంగతి ఇంకా స్పష్టం. కేంద్రం 2011లో వీటికోసమే నిబంధనలు తెచ్చింది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి. రిజిస్టరు ఏడాది దాచాలి. ఏ కంప్యూటర్లోంచి ఏ సైట్లు చూశారన్న లెక్క కూడా ఏడాది ఉంచాలి. మధ్యలో చెక్క అడ్డాలు పెడితే నాలుగున్నర అడుగులు మించకూడదు. ఎన్ని చోట్ల పాటిస్తున్నారన్నది వేరే కథ. కానీ ఆ నాలుగున్నర అడుగుల చెక్క చాటున ప్రైవేట్ విండో తెరిచి, తానెక్కడున్నదీ ఎవరికీ తెలియదనుకోవడం పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమే.

అపోహ: గూగుల్‌కి కూడా తెలియదు.

ఈ నమ్మకం మన ఊరిదే కాదు. 2018లో చికాగో, జర్మనీలోని హానోవర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 460 మందిని అడిగారు. సొంత గూగుల్ ఖాతాలోకి లాగినై వెతికినా సరే, ప్రైవేట్ విండోలో వెతికింది ఆ ఖాతాలో నమోదు కాదనే సగానికి పైగా జనం అనుకున్నారు. పేరు చెప్పి లోపలికి వెళ్ళాక ముసుగేసుకుని ఏం లాభం?

లాగిన్ కాకపోయినా కథ ఉంది. చాలా సైట్లలో గూగుల్ ప్రకటనల కోడ్, సందర్శకుల లెక్క చూసే కోడ్ అమర్చి ఉంటాయి. మనం సైటుకి వెళ్ళిన వార్త వాటి ద్వారా గూగుల్‌కి చేరుతుంది. దీని మీదే 2020లో కాలిఫోర్నియాలో కొందరు దావా వేశారు. అడిగిన పరిహారం కనీసం 500 కోట్ల డాలర్లు. 2024 ఏప్రిల్లో రాజీ షరతులు బయటికొచ్చాయి. కోట్లాది రికార్డులు ధ్వంసం చేయడానికీ, ఇన్‌కాగ్నిటో మొదటి పేజీలో రాసే హెచ్చరికను సవరించడానికీ సంస్థ ఒప్పుకుంది. ఆ రాజీలో వాడకందార్లకి పైసా పరిహారం లేదు. ఆ హెచ్చరిక కొత్త కిటికీ తెరిచిన ప్రతిసారీ మన కళ్ళ ముందే ఉంటుంది. బ్యాంకు వాళ్ళిచ్చిన కాయితం చదవకుండా సంతకం పెట్టే అలవాటున్న మనం దాన్నెందుకు చదువుతాం?

అపోహ: కుకీలు లేకపోతే సైటు నన్ను గుర్తుపట్టలేదు.

క్రోమ్‌ని తెలుగులో పెట్టుకుంటే దీన్ని "అజ్ఞాత మోడ్" అంటుంది. పేరు పెట్టినవాళ్ళు విరాటపర్వం విన్నారో లేదో గానీ, మన వైపు వానలు మొహం చాటేస్తే విరాటపర్వం చదివిస్తారు. అందులో పాండవులు పేర్లు మార్చుకున్నారు, వేషాలు మార్చుకున్నారు. అయినా కీచకుడు చచ్చిన తీరు వినగానే దుర్యోధనుడికి భీముడు తట్టాడు. ధర్మరాజున్న దేశం వేళకి వానలతో, పాడిపంటలతో ఉంటుందని భీష్ముడు ఆనవాళ్ళు చెప్పాడు. ఎవరూ మొహం చూడలేదు, గుర్తులు చాలాయి.

సైట్లు చేసేదీ ఇదే. మీ ఐపీ అడ్రసు అలాగే ఉంటుంది, దాన్ని బట్టి ఏ ప్రాంతమో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. తెర కొలత, బ్రౌజర్ రకం, భాష, గడియారం ఏ దేశపు టైములో ఉంది, ఏ ఫాంట్లున్నాయి, ఇవన్నీ కలిపితే చాలాసార్లు ఒక్క కంప్యూటరే తేలుతుంది. దీన్నే బ్రౌజర్ వేలిముద్ర అంటారు. ఫైర్‌ఫాక్స్, సఫారీ లాంటివి దీన్ని కొంత అడ్డుకుంటాయి, పూర్తిగా కాదు.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే ప్రైవేటు బస్సు టికెట్టు ఇన్‌కాగ్నిటోలో చవగ్గా వస్తుందని మా మేనల్లుడి గట్టి నమ్మకం. సీట్లు నిండేకొద్దీ రేటు పెరుగుతుంది. పండగ ముందు ఏ కిటికీలోంచి చూసినా వాత తప్పదు.

వైరస్‌ల విషయం ఒక్క మాటలో చెప్పొచ్చు: ప్రైవేట్ విండో టీకా కాదు. నెట్ సెంటర్ కంప్యూటర్లో మనం నొక్కే మీటల్ని దొంగతనంగా రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే అది ఈ కిటికీలోని పాస్‌వర్డునీ రాసుకుంటుంది. బ్యాంకు పని అక్కడ పెట్టుకోకండి. తప్పనిసరై చేస్తే, బయటికి రాగానే సొంత ఫోన్లోంచి పాస్‌వర్డు మార్చుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి.

మొన్న మళ్ళీ ఆ నెట్ సెంటరుకి వెళ్ళాను. గోడ మీద కొత్త కాయితం అంటించి ఉంది: "పని అయ్యాక మీ ఫైళ్ళు తీసేయమని అడగండి." దాని కింద ఎవరో బాల్‌పెన్నుతో "బిన్‌లోవి కూడా" అని రాసి వెళ్ళారు.