చిన్న కారుకు టర్బో ఇంజన్: ఆశ ఎంత, లెక్క ఎంత

భివండీలో మన పోరగాళ్ల నోట ఇప్పుడు టర్బో అనే మాట బాగా వినపడుతున్నది. తాతలు మగ్గం నేసిండ్రు, తండ్రులు సాంచెలు నడిపిండ్రు, కొడుకులు గ్యారేజీల్లో పానా పట్టిండ్రు. ఇది తప్పేం కాదు. ఊరి చుట్టూ గోదాములు లేచినయి. నాసిక్ రోడ్డు మీద రాత్రింబవళ్లు బండ్లు పోతనే ఉంటయి. బండి ఉన్న కాడ మెకానిక్కుకు పని ఉంటది. పద్మానగర్ దిక్కు, కామత్‌ఘర్ దిక్కు ఇంటికొకరు కాకున్నా గల్లీకి ఇద్దరు ముగ్గురు ఈ పనిలోకి పోయినోళ్లే.

వాళ్ల ఆశ ఏందంటే, సెకండ్ హ్యాండ్‌లో మారుతీ 800, జెన్, ఆల్టో తక్కువ ధరకు దొరుకుతయి. దాని ఇంజన్ దించి, యాక్సిడెంటయిన ఇంకో బండి నుంచి తీసిన టర్బో ఇంజన్ ఎక్కిస్తే చిన్న బండి పెద్ద బండిని దాటిపోతది. ఫోన్ల వీడియోలు చూస్తరు. చూసినంక అమ్మ దగ్గరికి వచ్చి బీసీ పైసలు ఎత్తుమని అడుగుతరు. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు తండ్రులు నన్ను ఆపి, "అన్నా, నువ్వు జాబర్ పని చేసినోనివి గదా, ఇది అయ్యే పనేనా?" అని అడిగిండ్రు. నేను సాంచెల జాబర్‌నే గాని కారు మెకానిక్కును కాను. కాబట్టి గ్యారేజీలోళ్లను, చట్టం తెలిసినోళ్లను అడిగి, నాకు తెలిసిన మిషను లెక్కతో కలిపి రాస్తున్న.

టర్బో అంటే ఏంది

ఇంజన్ నడవాలంటే పెట్రోలు ఒక్కటే చాలదు, గాలి గూడ కావాలె. పొయ్యిలో కట్టెలు ఎన్ని పెట్టినా ఊదకపోతే మంట రాదు గదా, అట్లనే. మామూలు ఇంజన్ తన బలంతో తానే గాలి పీల్చుకుంటది. టర్బో ఉన్న ఇంజన్‌కు గాలిని నెట్టి పంపుతరు. నెట్టేది ఎవరు? సైలెన్సర్ దిక్కు పోయే పొగ. ఆ పొగ జోరుకు ఒక చిన్న చక్రం తిరుగుతది. దానికి అదే ఇరుసు మీద అవతల ఇంకో చక్రం ఉంటది. అది బయటి గాలిని పట్టి, ఒత్తి, ఇంజన్‌లోకి తోస్తది. వృథాగా పోయే పొగతోనే పని చేయించుకోవడం అన్నమాట. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నడు.

ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతదో వింటే మన సాంచెలోళ్లకు నమ్మబుద్ధి కాదు. నిమిషానికి లక్ష సుట్లు దాటుతది. చిన్న టర్బోలైతే రెండు లక్షల దాకా పోతయి. పెట్రోలు బండిలో దాని మీదికి వచ్చే పొగ వేడి 800 డిగ్రీలు దాటుతది, ఇనుము ఎర్రగ కాలేంత. ఇంత వేడిలో, ఇంత వేగంలో దాన్ని కాపాడేది సన్నటి ఆయిల్ పొర. ఆయిల్ పాతదైనా, తక్కువైనా టర్బో పోయినట్టే.

ఈ ఆశ ఊరికే పుట్టలేదు

పిల్లలు పిచ్చి మాటలు మాట్లాడుతున్నరని కొట్టిపారేయొద్దు. మారుతీ 800 మన దేశంలో 1983లో రోడ్డెక్కింది. దాని ఇంజన్ 796 సీసీ, బలం 37 హార్స్‌పవర్ చుట్టూ. అది జపాన్ సుజుకీ కంపెనీ ఆల్టో కుటుంబంలోని కారు. అదే సుజుకీ 1987లో జపాన్‌లో ఆల్టో వర్క్స్ అని ఒక కారు తెచ్చింది. దాని ఇంజన్ మన 800 కంటే చిన్నది, 543 సీసీయే. కాని టర్బో పెట్టి 64 హార్స్‌పవర్ తీసిండ్రు. చిన్న ఇంజన్, ఎక్కువ బలం. పక్కన పాకిస్తాన్‌లో మన 800 లాంటి కారే మెహ్రాన్ పేరుతో 2019 దాకా తయారయింది. అక్కడి పోరగాళ్లు గూడ దాంట్లో జపాన్ 660 సీసీ ఇంజన్లు ఎక్కిస్తరు. కాబట్టి ఈ ఆశ భివండీ పోరగాళ్లకు ఒక్కరికే లేదు.

మన దగ్గరి లెక్క చూస్తే, 2007లో స్విఫ్ట్‌కు వచ్చిన డీజిల్ ఇంజన్ టర్బోదే. 1248 సీసీ, 75 హార్స్‌పవర్, లాగుడు బలం 190 న్యూటన్ మీటర్లు. అది ఇటలీ ఫియట్ కంపెనీ డిజైను. అదే ఇంజన్ మన పుణె దగ్గర రంజన్‌గావ్‌లో గూడ తయారయింది. ఫియట్, టాటా, మారుతీ, మూడు కంపెనీల కార్లలో నడిచింది. అందుకే పాత బండ్ల నుంచి ఆ ఇంజన్ దొరుకుడు కష్టం కాదు. దొరుకుడు తేలికే. అమర్చుడే అసలు పని.

సాంచె నేర్పిన పాఠం

మన కార్ఖానాల్లో పెద్దోళ్లకు ఒక సంగతి తెలుసు. నాడె సాంచె నిమిషానికి 120 నుంచి 150 ఏట్లు కొడుతది. సేఠ్‌కు ఇంకా గుడ్డ కావాలనిపిస్తే మోటార్ పుల్లీ మారుస్తడు. పుల్లీ పెద్దది చేస్తే వేగం పెరుగుతది, ఇందులో మాయ లేదు. మొదటి రోజు గుడ్డ బాగనే వస్తది. తర్వాత పడుగు పోగులు టపటప తెగుతయి. నాడెను కొట్టే కట్టె విరుగుతది. నాడె ఎగిరి పక్క సాంచె నడిపేటోని మీద పడుతది. చివరికి క్రాంకు బేరింగు పోతది. మోటారు మాత్రం బాగనే ఉంటది! మోటారు బలం తట్టుకోలేక మిగతా సాంచె పోతది.

కారు గూడ ఇంతే. ఇంజన్ బలం పెరిగితే ఆ బలం పోయే దారి పొడుగునా ఒక్కొక్కటి చూసుకోవాలె.

మొదటిది, ఇంజన్ కూసునే పట్టీలు. కొత్త ఇంజన్ పొడుగు, బరువు, బోల్టుల జాగ వేరు ఉంటయి. వెల్డింగు చేసి అతికిస్తే కొద్ది రోజులు ఆగుతది. గుంతల రోడ్డు మీద ఆ అతుకే మొదట పగులుతది. డీజిల్ ఇంజన్ అయితే బరువు ముందు చక్రాల మీద పడి స్ప్రింగులు కూలబడుతయి.

రెండోది, క్లచ్చు, గేర్‌బాక్సు, చక్రాలకు పోయే ఇరుసులు. 800 గేర్‌బాక్సు దాని ఇంజన్‌కు తగ్గట్టు చేసింది. మూడింతల లాగుడు బలం దాని మీద పెడితే పండ్లు రాలుతయి. కాబట్టి ఇంజన్‌తోపాటు దాని గేర్‌బాక్సు గూడ రావాలె.

మూడోది, వేడి. టర్బో ఒత్తిన గాలి వేడెక్కుతది. దాన్ని సల్లార్చే ఇంటర్‌కూలర్ వేరే ఉంటది. పెద్ద రేడియేటర్ కావాలె. చిన్న బండి బానెట్ కింద ఇవన్నీ పెట్టే జాగ ఉండదు. జాగ లేక వైర్లను, ఆయిల్ పైపులను వేడి పైపు పక్క నుంచి తీసుకుపోతే మంటలు లేస్తయి.

నాలుగోది, కంప్యూటర్ డబ్బా. ఇప్పటి ఇంజన్లలో ఎంత పెట్రోలు పోవాలె, ఎప్పుడు నిప్పు అందాలె అన్నది అది చూస్తది. దాంతోపాటు మొత్తం వైరింగు, సెన్సర్లు, తాళంచెవి గూడ రావాలె. ఈ వైరింగు కాడనే ఎక్కువ బండ్లు నెలల తరబడి షెడ్డులో పడి ఉంటయని గ్యారేజీ వాళ్లు చెప్పిండ్రు.

ఐదోది, అందరికంటే పెద్దది, బ్రేకు. 80 వేగంతో పోయే బండిని ఆపడానికి ఎంత బలం కావాలో, 110 వేగంతో పోయే బండికి దాదాపు రెండింతలు కావాలె. వేగం రెండింతలైతే నాలుగింతలు కావాలె. మారుతీ 800 బరువు 650 కిలోల చుట్టూ, టైర్లు 12 ఇంచులవి, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. ఆ బ్రేకులు ఆ బండి అసలు వేగానికే లెక్క కట్టినయి.

కొందరు ఇంజన్ మార్చకుండ ఉన్న ఇంజన్‌కే టర్బో తగిలిస్తమంటరు. అది ఇంకా ప్రమాదం. మామూలు పెట్రోలు ఇంజన్ లోపల గాలిని గట్టిగనే ఒత్తుతది. దానికి మళ్ల ఒత్తిన గాలి పంపితే పెట్రోలు టైము కంటే ముందే అంటుకుంటది. టకటక చప్పుడు వస్తది, పిస్టన్ పగులుతది.

చట్టం ఏమంటది

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలో రాసిన వివరాలు, కంపెనీ మొదట చెప్పిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దని దాని సారాంశం. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు గూడ కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాట గట్టిగ చెప్పింది. అప్రూవల్ ఉన్న సీఎన్‌జీ కిట్టు, బ్యాటరీ కిట్టు లాంటివి పద్ధతి ప్రకారం పెట్టించుకోవచ్చు. ఇంజన్ పాడై అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేసుకోవాలంటే ముందు ఆర్‌టీఓను అడిగి, మార్చినంక 14 రోజుల్లో ఆర్‌సీలో కొత్త నంబరు ఎక్కించాలె. కాని 800లో టర్బో డీజిల్ ఎక్కిస్తే అది వేరే సీసీ, వేరే ఇంధనం, వేరే పొగ లెక్క. ఊరి గ్యారేజీలో చేసిన దానికి ఆమోదం దొరకదు. 2019లో చట్టం సవరించినంక, ఇట్ల మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మెకానిక్కు చేసినా నిలబడాల్సింది ఎవరి పేరు మీద ఆర్‌సీ ఉందో వాళ్లు. మన ఇండ్లల్ల బండి ఎక్కువ తండ్రి పేరు మీదనే ఉంటది.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, ఇన్సూరెన్సు. చెప్పకుండ ఇంజన్ మార్చిన బండికి యాక్సిడెంటయితే కంపెనీ క్లెయిమ్ కొట్టేయొచ్చు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఆ పరిహారం భారం ఇంటి మీద పడొచ్చు. రెండోది, భంగార్‌లో బిల్లు లేకుండ కొన్న ఇంజన్ దొంగ బండిది అయితే, ఇంజన్ నంబరు పట్టుకుని పోలీసులు మన గుమ్మం కాడికే వస్తరు. 15 ఏండ్లు దాటిన బండిని మళ్ల రిజిస్టర్ చేయించే రోజు గూడ ఇంజన్ నంబరు చూస్తరు.

మరి పోరగాళ్ల చెయ్యి ఏం గావాలె

వద్దని చెప్పి ఊకుంటే పిల్లలు వినరు. వాళ్ల చేతిలో పని ఉన్నదన్నది నిజం. దానికి దారి చూపాలె.

2017 ఏప్రిల్ 1న పవర్‌టెక్స్ ఇండియా పథకం మన భివండీలోనే మొదలైంది. అందులో పాత సాంచెలను బాగుచేసే పని గూడ ఉండె. వాళ్లు పాత సాంచెకు పెట్టుమన్న సామాన్లు చూడండ్రి. పడుగు పోగు తెగితే ఆగేది, పేక పోగు తెగితే ఆగేది, మంచి బ్రేకు. అన్నీ ఆపే సామాన్లే! మిషను తెలిసినోళ్లు ముందు ఆపుడు చూస్తరు, తర్వాత ఉరుకుడు చూస్తరు. పోరనికి ఇంజన్ పిచ్చి ఉంటే ముందుగాల బ్రేకు పని, స్టీరింగు పని నేర్చుకోమని చెప్పండ్రి.

పదో తరగతి పాసయితే ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు రెండేండ్లు ఉంది. ఇప్పుడు కంపెనీలే చిన్న కార్లను టర్బోతో అమ్ముతున్నయి. 2017లో వచ్చిన టాటా నెక్సాన్ పెట్రోలు బండి 1200 సీసీ టర్బోదే. ఇంకా చాలా వచ్చినయి. ఆ బండ్లు పాతబడేకొద్దీ టర్బో విప్పి, కడిగి, సరిచేసేటోళ్లు, కంప్యూటర్ డబ్బా చదివేటోళ్లు కావాలె. ఇంజన్ మార్చే ఆశలో పెట్టే పైసలతో ఒక స్కానర్ మిషను కొనుక్కుంటే అది రోజూ కూలి తెస్తది. ఇంజన్ మార్చుడే చూడాలనుంటే దానికి రేసు ట్రాకులు ఉన్నయి. కోయంబత్తూరు దగ్గర ఒకటి, చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు దిక్కు ఒకటి. అక్కడ నడిపే బండ్లకు లోపల ఇనుప చట్రం, మంటలార్పే సిలిండరు, పరీక్ష చేసే మనుషులు ఉంటరు. రోడ్డు మీదికి అవి రావు. అట్లాంటి టీముల్లో గూడ మెకానిక్కులే పని చేస్తరు.

ఇంట్ల ఇప్పటికే టర్బో బండి ఉన్నోళ్లకు ఒక మాట. కంపెనీ చెప్పిన ఆయిలే, చెప్పిన టైముకే మార్పించండ్రి. దూరం నుంచి జోరుగ వచ్చినంక వెంటనే తాళం తిప్పి ఆపొద్దు. ఒక నిమిషం ఊరికే నడవనియ్యండ్రి, టర్బో సల్లారుతది.

అక్కలూ, చెల్లెండ్లూ, పోరడు బీసీ పైసలు అడిగితే తిట్టకండ్రి. పక్కన కూసోబెట్టుకుని ఒక కాయితం మీద రాయించండ్రి: ఇంజన్‌కు ఎంత, గేర్‌బాక్సుకు ఎంత, రేడియేటర్‌కు ఎంత, వైరింగుకు ఎంత, బ్రేకుకు ఎంత, ఆర్‌సీ ఎవరి పేరు మీద, బిల్లు ఎవరిస్తరు. అన్నీ రాసినంక కింద మొత్తం వేయుమని వాన్నే అడగండ్రి. లెక్క తెలిసిన పోరడైతే ఆ కాయితం చూసి తానే చెప్తడు.