టైమింగ్ చైను శబ్దం చేస్తే

నెల్లూరు జిల్లా తీరగ్రామాలలో ఒక్క బండిమీదనే ఆధారపడి బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నవి. ఇసకపల్లి ఉప్పయినా, మైపాడు చేపలయినా, చెరువుల రొయ్యలయినా బండి ఎక్కితేనే నెల్లూరు చేరతాయి, చెన్నై చేరతాయి. దారిలో ఇంజను ఆగితే ఐసు కరుగుతూనే ఉంటుంది. అందుచేత ఇంజను ముందుభాగాన, మూత వెనుక దాగియుండే ఒక గొలుసును గూర్చి ఇంటిలోని వారు కూడా కొంత తెలుసుకొనుట మంచిది.

క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేలోగా క్యామ్ షాఫ్టు సరిగా ఒక చుట్టు తిరగాలి. అప్పుడే వాల్వులు వేళకు తెరచుకొని వేళకు మూసుకుంటాయి. ఆ రెంటినీ కలిపి నడిపేదే టైమింగ్ చైను. మన పెద్ద లారీలలో ఎక్కువగా ఈ పని గేర్లు చేస్తాయి. కాని మదరాసులోని సింప్సన్ కంపెనీ 1950వ దశకంలో తయారుచేసిన పెర్కిన్స్ పి6 డీజిల్ ఇంజనుకు చైనే ఉండేది. ఫార్గో, డాడ్జి లారీలు పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటాయి. ఆ లారీలలో ఈ ఇంజను ఉండేది. నేటి చిన్న ట్రక్కులలో కొన్నింటికి చైను, కొన్నింటికి బెల్టు ఉన్నవి. మీ బండికి ఏది ఉన్నదో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

"చైను సాగింది" అంటారు గాని ఇనుము రబ్బరువలె సాగదు. ప్రతి లింకులోని పిన్నూ, దాని బుష్షూ రాసుకొని అరుగుతాయి. ఒక్కొక్క లింకు వద్ద మిల్లీమీటరులో నూరింట అయిదు వంతులు అరిగిందనుకోండి. అది కంటికి కనబడదు. అయితే నూరు లింకులకు అది 5 మిల్లీమీటర్లు! తప్పు ఏ ఒక్క లింకుదీ కాదు గనుక, ఒక లింకు మార్చి బాగుచేయుట కుదరదు.

సముద్రపు గాలివల్లనే చైను పోయిందని కొందరంటారు. ఉప్పుగాలి బాడీని తింటుంది, చాసిస్‌ను తింటుంది. మూతలోపల ఆయిలులో తడిసే చైనును తినేది మసిపట్టిన పాత ఆయిలే. ఆయిలు మార్చుటలో మిగిల్చిన డబ్బు ఇక్కడ పోతుంది.

గుర్తులు ఏవి? ఉదయం చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు ముందువైపు గలగల వినబడుతుంది. డీజిలు పంపుకూడా అదే చైనుతో నడిచే ఇంజనులో స్టార్టింగు కష్టమవుతుంది, లోడుమీద లాగదు, డీజిలు ఎక్కువ త్రాగుతుంది. చాలా ఇండ్లలో డీజిలు లెక్క వ్రాసేది ఇల్లాలే. శబ్దాన్ని డ్రైవరు అలవాటుపడి వినకపోయినా, ఆ పుస్తకం ముందే చెప్పవచ్చును.

ఇక్కడ కొందరు మేస్త్రీలు పంపును కొంచెం ముందుకు త్రిప్పి పంపించివేస్తారు. బండి మళ్ళీ లాగుతుంది, యజమాని సంతోషిస్తాడు. కాని వాల్వుల ఆలస్యం అలాగే ఉంటుంది, చైను వదులూ అలాగే ఉంటుంది. ఒకనాడు చైను పన్ను దాటితే పిస్టను వెళ్ళి వాల్వును కొడుతుంది. డీజిల్ ఇంజనులో ఆ రెంటి మధ్య ఎడం బహు తక్కువ. అప్పుడు చైను ఖర్చుతో పోదు, హెడ్డు విప్పవలసిందే.

మార్చేటప్పుడు చైను ఒక్కటే కొనుట కూడా వృథా ఖర్చే అని నా అభిప్రాయం. పాత చైనుతో అరిగిన పళ్ళ చక్రాలు కొక్కెములవలె వంగి ఉంటాయి. అవి కొత్త చైనును త్వరగా అరగదీస్తాయి. చక్రాలు, టెన్షనర్, గైడ్లు, ముందు ఆయిల్ సీలు కలిపి మార్చించండి. రేడియేటరు, ఫ్యాను, పుల్లీ, మూత అన్నీ విప్పిన కూలి ఎటూ ఒక్కటే.

విప్పకముందు మొదటి సిలిండరును పైకి తెచ్చి గుర్తులు కలిపారా అని అడగండి. బిగించిన తరువాత సెల్ఫ్ కొట్టనివ్వకండి. ముందుగా ఇంజనును పానాతో చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపివేయాలి. రెండు చుట్ల తరువాత చక్రాలమీది గుర్తులు మరల ఎదురెదురుగా రావాలి. రంగువేసిన లింకులు మాత్రం అప్పుడే గుర్తుల వద్దకు రావు. అది చూచి కంగారుపడి మళ్ళీ విప్పినవారున్నారు. ఆ పిమ్మట వాల్వుల గ్యాపు, పంపు టైమింగు సరిచూడాలి.

పాత చైనును అడిగి తీసుకొని కొత్తదాని ప్రక్కన మేకుకు వ్రేలాడదీయించండి, ఎంత సాగిందో కనబడుతుంది. చైను వేసిన రోజు మీటరు రీడింగును డీజిలు పుస్తకంలోనే వ్రాసి ఉంచండి. మీటరు తిరగని బండ్లు మనవైపు చాలా ఉన్నవి గనుక, కనీసం తేదీ అయినా వ్రాయండి.